అమ్మ సన్నాలకు కాపలా

తాండూరు
జూన్ 4

తమ్మీ రాజేందర్,

అందరూ బాగున్నారని తలుస్తాను. బాగోలేకపోయినా నువ్వు రాయవు కాబట్టి తలచుకోవడమే నాకు మిగిలింది.

మొన్న ఫోన్లో మనం మాట్లాడుకున్నది రెండు నిమిషాలు, కొట్లాడుకున్నది పావుగంట. మా పాలిషింగ్ యూనిట్‌లో రాయి కోసే మిషన్ ఆపి మరీ పనివాళ్లు విన్నారు. అందుకే ఇక ఈ సంగతి కాగితం మీదే. కాగితం మీద నువ్వు నా మాటకు అడ్డం రాలేవు.

"వరి బంద్ వెడుతున్న, పత్తి వెడత" అన్నావు. రెండు వానాకాలాలు వరుసగా ఎండాకు తెగులు వచ్చి అమ్మ సన్నాలు విత్తనానికి, కాస్త తిండికి తప్ప మిగలకుండా పోయాయి. నీ కష్టం నాకు తెలియక కాదు. మీ బావ పోయాక ఇక్కడ రాళ్ల మధ్య బతుకుతున్నా నేనూ ఆ పొలం బిడ్డనే. కానీ అవి బజారులో దొరికే వడ్లు కావు. ఒక ఏడు కోతల్లో అమ్మకు ఒకే ఒక్క కంకి వేరేగా కనబడింది. గింజ సన్నగా, పొడుగ్గా ఉందట. కొంగు అంచు చింపి దానికి కట్టి గుర్తు పెట్టుకుంది. ఆ ఒక్క కంకి నుంచి ఒక మడి, ఆ మడి నుంచి పొలమంతా. మన ఊళ్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఇప్పుడు మన ఇంట్లో తప్ప ఊళ్లో కూడా లేవు. నువ్వు మానేస్తే లోకంలోనే ఉండవు.

నా బిడ్డ మనీషా హైదరాబాదులో వరి మీద పరిశోధన చేస్తుంది కదా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నీ దగ్గర గుప్పెడు అమ్మ సన్నాలు అడిగి పట్టుకుపోయింది. కోళ్లకు వేస్తుందేమోనని నువ్వు నవ్వావు. ఆ గుప్పెడు ఇప్పుడు చిన్న సంచి అయి వచ్చింది. ఎండాకు తెగులుకు లొంగని అమ్మ సన్నాలట. ఒక మడిలో వాటిని పెట్టు, పక్క మడిలో పాతవి పెట్టు. ఒక్క ఏడు చూడు. ఆ తర్వాత పత్తి పెట్టుకుంటావో పల్లీ పెట్టుకుంటావో నీ ఇష్టం.

"నేను చెప్తే చిన్న పోరి చెప్తున్నదంటడు మామ. నువ్వే రాయమ్మా" అని జాగ్రత్తలు నాకు చెప్పి పోయింది. రాస్తున్నాను. రెండు నారుమళ్లు దూరంగా పోయాలి. ఒక మడి నీళ్లు ఇంకో మడిలోకి పారకూడదు. యూరియా ఎక్కువ చల్లకూడదు. ఇంతే.

పాత విత్తనం మాత్రం అంతా చల్లేయకు. కొంచెం దాచు.

అక్క
అరుణాదేవి


ధారూర్
జూన్ 19

అక్కా,

నమస్కారం. సంచి చేరింది. మీ లారీ డ్రైవర్ జంగప్ప గేటు దగ్గరే నిలబడి "మేడం మీ చేతికే ఇయ్యమన్నది సార్, కింద వెట్టొద్దన్నది" అని నా చేతిలో పెట్టాకే నీళ్లు తాగాడు. నీ కోపం తాండూరు దాటి ఇంత దూరం వచ్చిందన్నమాట.

సంచి మీద ఒక నంబరు ఉంది, పేరు లేదు. నీ మరదలు చూసి "గివేం వడ్లు? జైల్ల ఖైదీ లెక్క నంబరున్నది" అంది. నాకూ అదే అనిపించింది. నువ్వు వాటిని అమ్మ సన్నాలు అంటున్నావు. నేను అనను. అమ్మ పేరు ఆ సంచి మీద రాయను. గుప్పెడు పట్టుకుపోయి ఇన్నేళ్లు ఏదేదో కలిపి తెచ్చినదాన్ని మా దిక్కు కల్తీ అంటారు. మీ తాండూరు కందుల్లో వేరే ఊరి కందులు కలిపితే నువ్వు ఊరుకుంటావా?

అసలు ఏం కలిపింది అందులో? మందు మొక్కలోకే ఎక్కించే పద్ధతులు ఉన్నాయంటారు, అట్లాంటిదా? నాకు తెలియాలి. తెలియకుండా మడిలో పెట్టను. నిరుడు ఆ తెగులు వచ్చినప్పుడు ఎవరు ఏ డబ్బా కొట్టమంటే ఆ డబ్బా కొట్టాను. ఒక్క ఆకు కూడా తిరిగి పచ్చబడలేదు. బయటి నుంచి ఎన్ని మందులు కొట్టినా పోని రోగం విత్తనంలోంచి పోతుందంటే నమ్మేంత అమాయకుణ్ని కాను.

వాన లేదు. మబ్బు వచ్చి, మనల్ని చూసి, పోతున్నది.

తమ్ముడు
రాజేందర్


తాండూరు
జూన్ 28

తమ్మీ,

కల్తీ అన్నావు. నీ ఉత్తరం మనీషాకు చదివి వినిపించాను. దానికి కోపం రాలేదు, నవ్వింది. మా ఇంట్లో కోపమంతా నా వాటాకే వచ్చినట్టుంది.

దాన్ని కూర్చోబెట్టి, నాకు అర్థమయ్యేటట్టు చెప్పమన్నాను. విన్నాక ఆ పూట అన్నం కలుపుకుని మెతుకుల వంక చూస్తూ కూర్చుండిపోయాను.

ఆఫ్రికాలో ఒక అడవి వరి ఉందట. నీళ్ల ఒడ్డున దానంతట అదే పెరుగుతుంది. ఎవరూ విత్తరు, ఎవరూ కోయరు. తినబోతే రుచి లేదు. వట్టి గడ్డి కింద లెక్క. కానీ ఎండాకు తెగులు దాన్ని ఏమీ చేయలేదట. దాని ఆకులో ఒక కాపలా ఉంది. ఆకుకు ఎక్కడైనా గాయమై అందులోంచి రోగం లోపల అడుగు పెట్టగానే ఆ కాపలా గుర్తుపట్టి మొక్కను లేపుతుంది. మొక్కకు కన్ను లేదు, చెవి లేదు. అయినా ఇది నాది, ఇది పరాయిది అని తెలుసుకుంటుంది తమ్మీ! ఎన్ని వేల ఏళ్లు ఆ నీళ్లలో నిలబడి నేర్చుకుందో. దాన్ని ఎవరూ పట్టించుకోకపోయినా అది మాత్రం నేర్చుకుంటూనే ఉంది.

ఆ కాపలాను ఎప్పుడో వేరే దేశాల శాస్త్రవేత్తలు ఆ గడ్డిలోంచి మామూలు వరిలోకి తెచ్చిపెట్టారట. మనీషా ఆ వరి పుప్పొడి తెచ్చి అమ్మ సన్నాల పువ్వుకు తన చేత్తో అంటించింది. మందూ కాదు, సూదీ కాదు. పెళ్లి.

"మరి పుట్టింది సగం పరాయిదే గదనే?" అన్నాను.

"ఔనమ్మా. గందుకే ఆ పిల్లను మల్ల అమ్మమ్మ సన్నాలకే ఇచ్చిన. దాని పిల్లను గూడ మల్ల గాటికే. మేనరికం మీద మేనరికం. ఒక్కో తరానికి పరాయిది సగం సగం పోతది. ఆఖరికి మొత్తం అమ్మమ్మదే మిగుల్తది, కాపలా ఒక్కటి తప్ప."

మనుషుల్లో మేనరికం వద్దని చుట్టాలందరికీ నీతులు చెప్పే పిల్ల, వరిలో ఎన్నిసార్లు చేసిందో చూడు.

"అన్నిట్ల ఆ కాపలా గూడ పోయిందేమో, ఎట్ల తెలుస్తది?" అని అడిగాను.

"ఆకు తునక తెచ్చి ల్యాబ్‌ల చూస్తమమ్మా. ఉన్నదాన్ని ఉంచుతం, లేనిదాన్ని పీకేస్తం. మస్తు పీకిన. ఇంకోటి, ఒక్క కాపలా గాదు. వేరే వరిలకెళ్లి ఇంకో రెండు గూడ తెచ్చి వెట్టిన. ఒక్కడే ఉంటే దొంగ వాని అలవాటు నేర్చుకుంటడు."

అమ్మ పొలమంతా వెతికి కంటికి కనిపించే కంకికి కొంగు అంచు కట్టింది. మనవరాలు కంటికి కనిపించనిదాన్ని వెతికి పట్టుకుంది. అమ్మ ఉంటే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎన్ని ప్రశ్నలు అడిగేదో.

పెట్టు తమ్మీ. నా మాట కాదు, నీ మేనకోడలి మాట నిలబెట్టు.

అక్క


ధారూర్
ఆగస్టు 3

అక్కా,

పెట్టాను. నీ మేనరికం కథకు లొంగి కాదు, నీ మరదలు పోరు పడలేక.

వాన ఆలస్యంగా వచ్చింది, వచ్చి ఒక్కసారే కుమ్మరించింది. అప్పటికి నారు ముదిరి మోకాలెత్తు అయింది. ఊళ్లో అందరి నాట్లూ ఒకేసారి పడ్డాయి. గోవిందమ్మ నాటు కూలీల ముఠా కోసం నాలుగు ఇళ్ల వాళ్లు వాళ్ల గడప దగ్గర కూర్చున్నారు. గోవిందమ్మ గుర్తుంది కదా, వయసులో ఉన్నప్పుడు అమ్మ పక్కన నిలబడి నాటు వేసిన మనిషి. ఇప్పుడు ముఠాకు తనే పెద్ద. అమ్మ మీది అభిమానంతో ముందు మన పొలానికే వచ్చింది.

నారు చూడగానే "పటేలా, గింత పొడుగు నారు వెడితే గాలికి పండుకుంటది. కొసలు కోద్దుమా, పెద్దమ్మ కోపిచ్చినట్టు?" అంది. కోయమన్నాను. అమ్మ ఎన్నడూ కొసలు కోయించకుండా నాటు వేయించలేదు. పురుగు గుడ్లు పెట్టేది కొసనే, కొస పోతే పురుగు పోతుంది అనేది కదా. ముందు పాత విత్తనం నారు కట్టలు, తర్వాత నీ నంబరు నారు కట్టలు, అన్నీ కొడవళ్లతో సమంగా కోసి నాటేశారు. పాత నారులో అక్కడక్కడా పసుపు చారలు ఉన్నాయి. అవి ఎప్పుడూ ఉండేవే.

నారుమళ్లు దూరంగా పోశాను. నీళ్లు వేరు చేశాను. యూరియా నీ మరదలు కూరలో ఉప్పు వేసినంత వేశాను. నువ్వు రాసినవాటిలో ఒక్కటి కూడా తప్పలేదు. ఇప్పుడు గట్టు మీద నిలబడి చూస్తే రెండు మళ్లూ అక్కాతమ్ముళ్లలా ఉన్నాయి. ఏది నువ్వో ఏది నేనో మాత్రం చెప్పను.

తమ్ముడు


తాండూరు
ఆగస్టు 9

తమ్మీ,

నీ ఉత్తరం చదివి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ పెట్టేశాను. నోటితో చెప్పే ధైర్యం లేదు.

మనీషా చెప్పిన జాగ్రత్తలు మూడు కాదు, నాలుగు. నాలుగోది, నారు కొసలు కోయొద్దని. నేను మరిచిపోలేదు. కావాలనే రాయలేదు. అమ్మ బతికినన్నాళ్లు చేసిన పని తప్పని నా చేత్తో ఎట్లా రాయను? నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల అమ్మకు నాటు నేర్పుతుందా అని మనసులో ఎక్కడో పొడుచుకుంది. నీకు రాయకుండా ఊరుకున్నాను.

ఇప్పుడు మనీషాకు చెప్పాను. కొసలు ఎట్లా కోశారో మళ్లీ చెప్పించుకుంది. తర్వాత, "అమ్మా, గా రోగం లోపటికి వోయెటందుకు గాయమే తలుపు. పాత నారుల రోగం ఉన్నట్టే ఉన్నది. గవే కొడవళ్లు..." అని ఆగిపోయింది. మిగతాది నాకు అర్థమైంది. మడిలో ఒక్క మొక్క కూడా వదలకుండా మన చేతులతో మనమే రోగం అంటించాం. మనం కాదు, నేను.

అది శనివారం నీ దగ్గరకు వస్తుంది.

పాత విత్తనం కొంచెం దాచావు కదా? దాచానని ఒక్క ముక్క రాయి. నాకు అది చాలు.

అక్క


వికారాబాద్
ఆగస్టు 25

అక్కా,

నీ మరదలి అన్న కూతురి నిశ్చితార్థానికి వచ్చాం. హాల్లో అందరూ ఫోటోలు దిగుతున్నారు. నేను వెనక వంటవాళ్ల పక్కన కుర్చీ వేసుకుని రాస్తున్నాను. మనసంతా మడి దగ్గరే ఉంది.

మనీషా వచ్చింది. ధారూర్ స్టేషన్లో రైలు దిగి ఇంటికి కూడా రాకుండా పొలానికే పోయింది. నేను పోయేసరికి మడి మధ్యలో వంగి ఆకులు చూస్తున్నది. ఒకటి చూసింది, ఇంకొకటి చూసింది. వచ్చి గట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నేను పరేషాన్ అయిపోయాను.

"మామా, మేం ల్యాబ్‌ల ఏం చేస్తమో తెల్సా? రోగమున్న నీళ్లల్ల కత్తెర ముంచి, ఒక్కొక్క ఆకు కొస కత్తిరిస్తం. మొక్క తట్టుకుంటదా లేదా చూసెటందుకు. గింతంత జాగల, మస్తు పైలంగ. మీరేమో పొలమంతా కొడవళ్లతోని చేసిన్రు. గింత పెద్ద పరీక్ష నేను ఎన్నడు వెట్టలే" అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తర్వాత పాత మడిలోంచి ఒక ఆకు తెంపి, తుంచి, గాజు గ్లాసులో నీళ్లు పోసి అందులో నిలబెట్టింది. "చూడు మామా" అంది. చూశాను. తెగిన చోటు నుంచి సన్నగా, పొగలాగా, పాలరంగు దారం ఒకటి నీళ్లలోకి జారుతున్నది. ఆగకుండా జారుతూనే ఉంది. "గా దారంల ఎన్ని లక్షలున్నయో నేను గూడ చెప్పలేను" అంది. అక్కా, రెండేళ్లుగా నేను కొట్లాడుతున్న శత్రువు మొఖం నాకు ఆ గ్లాసులో మొదటిసారి కనబడింది. ఇంత అందంగా ఉంటుందని అనుకోలేదు.

అమ్మ సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. నేనే అడిగాను. "అమ్మమ్మది తప్పు గాదు మామా. గప్పుడు పురుగు ఎక్కువ, గీ రోగం తక్కువ. గప్పటికి గదే సరైన పని" అంది. నాకు ఊపిరి తిరిగి వచ్చినట్టయింది. నీకూ రావాలని రాస్తున్నాను.

ఇక నువ్వు అడిగినది. దాచలేదు అక్కా. ఇదే ఆఖరి ఏడు అనుకున్నాను. ఆఖరిసారి మడి నిండుగా చూసుకుందామని ఉన్న విత్తనమంతా పోసేశాను. మనీషా దగ్గర ఉన్న పాత గింజ కూడా మేనరికాలకే అయిపోయిందట, ఈ ఏడు మళ్లీ నా దగ్గరే తీసుకుందామనుకుందట. నీ దగ్గర నిరుటి బియ్యం డబ్బా ఉంది. బియ్యం మొలవవు కదా.

పాత మడి కొసలు తెల్లబడుతున్నాయి. అది పోతే మిగిలేది ఆ నంబరు సంచి ఒక్కటే. అది అమ్మదే అయితే అమ్మ సన్నాలు ఉన్నట్టు. కాకపోతే పోయినట్టు.

లోపల భోజనాలకు పిలుస్తున్నారు. నాకు ఆకలి లేదు.

తమ్ముడు


ధారూర్
సెప్టెంబర్ 22

అక్కా,

పాత మడి పోయింది. ముందు అది రాసేస్తున్నాను.

కొసన మొదలైన పసుపు ఆకు అంచు వెంట వంకరటింకరగా కిందికి దిగింది. పొద్దున పోతే అంచున పాలచుక్కలు, ఎండెక్కాక అవే ఆరి పసుపు పూసలు. చూస్తుండగానే మడి మొత్తం ఎండుగడ్డి రంగుకు తిరిగింది. కంకులు వచ్చినా తాలు తప్ప గింజ ఉండదు. విత్తనానికి పిడికెడు కూడా రాదు.

ఇప్పుడు పక్క మడి సంగతి విను. మొన్న గాలివాన వచ్చింది. మోటరు కొట్టం మీది రేకు కప్పు లేచిపోయింది. పాత మడి రోగం ఆకులు ఇటు వంగి, కొత్త మడి ఆకుల మీద పడి, రాత్రంతా రుద్దుకుని ఉంటాయి. కొడవలి మిగిల్చింది ఏమైనా ఉంటే గాలి పూర్తి చేసిందనుకున్నాను. తెల్లవారి పోవడానికే భయపడ్డాను. ఆ తర్వాత రోజూ పోతున్నాను, రోజూ ఇవాళ ఎండిపోతుంది అనుకుంటూ పోతున్నాను.

ఇవాళ దిగి చూశాను. ఒక ఆకు పట్టుకున్నాను. చిరిగిన చోట గోరంత పసుపు ఉంది. అక్కడ ఆగిపోయింది. దాని కింద ఆకు పచ్చగా ఉంది. ఇంకో ఆకు పట్టుకున్నాను, అదీ అంతే. మడి ఈ చివర నుంచి ఆ చివరికి పోతూ ఎన్ని ఆకులు పట్టుకుని చూశానో నాకే తెలియదు. రోగం రాకపోవడం కాదు అక్కా. వచ్చింది. ప్రతి ఆకులోకీ వచ్చింది. గోరంత దూరం నడిచింది. అక్కడ ఎవరో ఆపారు. చుట్టూ చూస్తే మడిలో కొంగలు తప్ప ఎవరూ లేరు.

గట్టు అడుగు వెడల్పు కూడా లేదు. దాని మీద నిలబడితే ఒక పక్క చచ్చిన వరి, ఒక పక్క బతికిన వరి. అదే నేల, అవే కొడవళ్లు, అదే వాన. ఇన్నేళ్ల వ్యవసాయంలో పంట బాగుంటే సంతోషపడ్డాను, పోతే ఏడ్చాను. పంటను చూసి చేతులు జోడించాలనిపించడం ఇదే మొదటిసారి. ఇంటికి వచ్చాక నీ మరదలు "చెప్పులేవీ?" అంటే చూసుకున్నాను. గట్టు మీదే విడిచి వచ్చాను.

సాయంత్రం గోవిందమ్మ వచ్చి చూసింది. కొసలు కోసింది తన ముఠానే అని నెల రోజులుగా ఆమెకు కంటి మీద కునుకు లేదట.

"పటేలా, గీ మడికి ఏం కట్టిన్రు? దిష్టి తాడు కట్టిన్రా?" అంది.

"ఏం కట్టలే గోవిందమ్మా. లోపట్నే ఉన్నది కాపలా."

"కనవడతదా?"

"కనవడదు."

"కనవడకుంటనే కాస్తున్నదా!" అని కొంగు తల మీదికి లాక్కుని మడికి దండం పెట్టింది. నేను నవ్వలేదు.

పచ్చగా ఉంది, సరే. కానీ అది అమ్మదేనా? ఆ మాట నా వల్ల కాదు. అమ్మ చేతి చద్దన్నం నాకంటే నువ్వు ఎక్కువ తిన్నావు. నాలుక నీది, తీర్పు నీది. నువ్వు కాదంటే కాదు. వట్టి పచ్చదనం కోసం వరి పెట్టను, పత్తికి పోతాను. సంచి మీద నంబరు పైన జాగా ఖాళీగానే ఉంది.

తమ్ముడు


తాండూరు
డిసెంబర్ 12

తమ్మీ,

కోతల ముందు నేను వచ్చి ఆ గట్టు మీద నిలబడ్డ రోజు మనం ఒక్క మాట కూడా కొట్లాడుకోలేదు. నా మరదలు భయపడి "వదినా, పానం బాగలేదా?" అని అడిగింది. మాట వస్తే కదా కొట్లాడడానికి. ఆ రెండు మళ్లనే మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని దారిలో ప్రతి పచ్చ ఆకునూ కొత్తగా చూస్తూ వచ్చాను. లోపల ఇంకేమేం ఉన్నాయో, మనకు ఏం తెలుసు?

నువ్వు పట్టించి పంపిన బియ్యం చేరాయి. వండాను. ముద్ద కట్టింది.

కంగారు పడకు. కొత్త బియ్యం ఎవరివైనా ముద్దే కడతాయి, అమ్మవి కూడా కట్టేవి. కొత్త బియ్యం తిని తీర్పు చెప్పే మనిషిని కాను. ఎండాకాలం పోనీ, బియ్యం పాతబడనీ. వచ్చే నాట్లకు ముందు చెప్తాను. అప్పటిదాకా విత్తనం ఎలుకలు కొట్టకుండా చూడు. నన్ను ఫోన్ చేసి అడగకు. అడిగితే కొట్లాటే.

అక్క


తాండూరు
జూన్ 2

తమ్మీ,

నిరుడు నీతో వరి పెట్టించడానికి రాసినప్పుడు ఇట్లాంటి ఉత్తరం రాస్తాననుకోలేదు.

డబ్బా అడుగున అమ్మ సన్నాల పాత బియ్యం ఒక్క పూటకు సరిపడా ఉన్నాయి. లోకంలో అవే ఆఖరివి. వండితే అయిపోతాయి, వండకపోతే పోల్చేది లేదు. నాలుగు రోజులు డబ్బా మూత తీసి చూసి పెట్టేశాను. నిన్న వండాను.

రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు, ఒకేలాంటివి, ఒకే నీళ్లు. అమ్మ బియ్యానికి అసలు పరీక్ష వేడి అన్నంలో కాదని నీకు తెలుసు. మరునాడు పొద్దున చేనుకు తీసుకుపోయే చద్దిలో. వేరే సన్నాలు తెల్లారేసరికి గట్టిపడి పలుకులవుతాయి. అమ్మవి మెత్తగానే ఉండేవి. అందుకని వార్చి, మూతలు పెట్టి, కొత్త బియ్యం గిన్నె మూత మీద గుర్తుకు ఎండు మిరపకాయ ఒకటి పెట్టాను.

పొద్దున మనీషాను కూర్చోబెట్టాను. ఆత్రంలో రెండు మూతలూ రెండు చేతులతో ఒకేసారి తీసి పక్కన పెట్టాను. మిరపకాయ దొర్లి కింద పడింది. ఏ మూత ఏ గిన్నెదో నేను చూడలేదు. మనీషా నా మొఖమే చూస్తున్నది, అదీ చూడలేదు.

"అమ్మా, ఏం చేసినవే?" అంది.

"తినే చెప్త తియ్" అన్నాను. మెతుకు తింటే నాకు తెలియదా అనే గర్వం.

ఈ గిన్నెలోంచి తీసి వేళ్ల మధ్య నొక్కాను. మెత్తగా ఉంది. ఆ గిన్నెలోంచి తీసి నొక్కాను. మెత్తగా ఉంది. పెరుగు, ఉప్పు వేసి కలిపి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ ఇది తిన్నాను, అది తిన్నాను. మళ్లీ ఇది, మళ్లీ అది. కళ్లు మూసుకుని తిన్నాను. మనీషా నీళ్ల గ్లాసు నా పక్కన పెట్టింది. తమ్మీ, అమ్మ చేతి ముద్ద నా నోట్లో రెండు గిన్నెల నుంచీ వచ్చింది. అమ్మ లేచి వచ్చి "ఏది నాది బిడ్డా?" అని అడిగినా నేను చెప్పలేకపోయేదాన్ని.

రెండు గిన్నెలూ ఖాళీ అయ్యాయి. మనీషాకు ఒక్క ముద్ద మిగిల్చాను. అది తింటూ ఏడ్చింది. నేను ముందే ఏడ్చేశాను.

ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి ధారూర్. ఆ గడ్డి ఎప్పుడూ అమ్మను చూడలేదు. ఇవాళ అమ్మ బియ్యాన్ని కాస్తున్నది.

సంచి మీద నంబరు కొట్టేసి అమ్మ సన్నాలు అని రాయి.

అక్క
అరుణాదేవి


ధారూర్
జూన్ 10

అక్కా,

రాశాను. ట్రాక్టర్ నంబరు ప్లేటుకు వాడగా మిగిలిన రంగుతో, పెద్ద అక్షరాలతో, అమ్మ సన్నాలు అని. నీ మరదలు అక్షరాలు వంకరగా ఉన్నాయంది. దిద్దకుండా అట్లాగే ఆరబెట్టాను.

నారు పోశాను. గోవిందమ్మ మొలక చూసి పోయింది. "గీసారి కొడవళ్లు ఇంట్లనే వెట్టి వస్తం పటేలా" అంది. పొలమంతా ఇవే. పత్తి మాట ఇక ఎత్తను.

ఒక్కదాంట్లో మాత్రం నీ మాట వినలేదు. నంబరు కొట్టేయమన్నావు, కొట్టేయలేదు. అమ్మ పేరు కింద దాన్ని చిన్నగా అట్లాగే ఉంచాను. అంత దూరం నుంచి వచ్చి మన మడిలో కాపలా నిలబడింది ఆ గడ్డి. దానికి మన భాషలో పేరు లేదు. పేరు దొరికేదాకా ఆ నంబరైనా ఉండనీ. అదీ మన చుట్టమే కదా.

తమ్ముడు
రాజేందర్